సైమి కారు తాళం

ఆదివారం పొద్దున్నే సైమి యాలకుల రొట్టెలను గుడ్డలో చుట్టి బుట్టలో సర్దింది. ప్రార్థన అయ్యాక చర్చిలో కాఫీ ఇవ్వడం ఈసారి ఆమె వంతు. "మావాణ్ణి కారిచ్చి పంపిస్తాలే" అని ఆడపడుచు హిల్కా అంటే, "నాకు కారుంది వదినా, నేనే నడుపుకొస్తా" అని పదిమందిలో అనేసింది. అరవై దాటాక లైసెన్సు తెచ్చుకున్న మనిషి మరి.

ఆ ఊళ్ళో కారుకు తాళం వేసేది సైమి ఒక్కతే. డ్రైవింగ్ నేర్పినాయన అలాగే చెయ్యమన్నాడు.

బయట మైనస్ ముప్ఫై. తాళంచెవి సగం దూరి, ఇక కదలనంది. ముంగిట్లో మంచు ఎత్తిపోస్తున్న పొరుగింటి తైస్తో పార వదిలేసి వచ్చాడు.

"మంచు కరిగించే మందేదమ్మా?"

"కార్లో ఉంది."

"భేష్! మేం తాళాలే వెయ్యం, మా ఇంట్లో మందెందుకుంటుంది?" అంటూ వోడ్కా సీసా తెచ్చాడు. తాళానికి కొంత, తనకు కొంత పోశాడు. తాళం మాత్రం వేడెక్కలేదు. సైమి వంటింట్లోంచి పొడవాటి కరెంటు తీగ లాగి, జుట్టు ఆరబెట్టే మిషన్ తగిలించింది. ఢామ్మని ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటైంది. చివరికి కొవ్వొత్తి మీద తాళంచెవి కాచి దూర్చి తిప్పింది.

టక్!

"తిరిగింది!" అని తైస్తో గెంతాడు. తలుపు లాగితే రాలేదు. కారుకు కాలు తన్నిపెట్టి గుంజి, వెల్లకిలా మంచులో పడ్డాడు. అవతల చర్చి గంట మొదలైంది.

అప్పుడే హిల్కా కారు వచ్చి ఆగింది. "నే చెప్తే విన్నావా? ఆ బుట్ట ఇలా ఇయ్యి."

"ఇవ్వను. తాళం గడ్డకట్టింది, అంతే."

"తాళమా? రాత్రి రెండు చేతులా పిండి బస్తా ఎత్తుకుని, తుంటితో కారు తలుపు మూసి ఇంట్లోకి పోయావు. మా కిటికీలోంచి చూశాగా! తాళం ఏ చేత్తో వేశావే తల్లీ?"

తైస్తో మంచులోంచే తల ఎత్తాడు. "అంటే... ఇంతసేపూ చెమటోడ్చి మనం తాళం వేశామా?"

సైమి తాళంచెవి వెనక్కి తిప్పింది. తలుపు కిమ్మనకుండా తెరుచుకుంది. బుట్ట పక్క సీట్లో పెట్టి, గడ్డం పైకెత్తి కూర్చుంది.

"మీరు ముందు పదండి వదినా. వెనకాలే వస్తా."

అన్న మాట ప్రకారం తనే నడుపుకుంటూ వెళ్ళింది. చర్చి ముందు దిగి, ఊరంతా చూస్తుండగా, కారుకు దర్జాగా తాళం వేసింది.

బుట్ట లోపలే ఉంది.