పేరు కట్టిన కాయ

2006 శ్రావణంలో రెండో సోమవారం హాతీరాం ఆఫీసుకు సెలవు పెట్టాడు. పొద్దున్నే విచ్చిన మందారాలకు పది లోపు పుప్పొడి అద్దాలి, భార్య జమ్లి చేసే జొన్నరొట్టె తినాలి, మిగతా రోజంతా పడుకోవాలి. ప్లాన్ అంతే.

అతను చర్లలో మండలాఫీసు గుమాస్తా. వీధి చివరి ఇల్లు. పెరడు దాటితే అడవే. పెరట్లో నలభై మందార మొక్కలు. ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు అద్ది, కాయ కట్టించి, ఆ గింజలతో ఎవరి దగ్గరా లేని రంగు పుట్టించాలని నాలుగేళ్లుగా పట్టుదల. ఆ ఏడు అంతవరకు అద్దినవి తొంభై పువ్వులు. పిందె కట్టినవి పదకొండు. వానకు రాలగా నిలిచింది ఒక్కటి. తొంభైకి ఒకటంటే ఏ బేరమైనా మూసేయాల్సిందే. కానీ ఆ ఒకటి అతనికి కావాల్సిన జంటది. పసుపు మొక్కకు నల్లెరుపు పుప్పొడి. బూడిద రంగు పూస్తుందని అంచనా. పుప్పొడి ఇచ్చిన నల్లెరుపు మొక్క వేరు కుళ్లి చచ్చిపోయింది. కాబట్టి ఆ కాయ పోతే మళ్లీ లేదు.

కొమ్మ ఎవరిస్తే మొక్కకు వాళ్ల పేరు పెట్టడం అతని అలవాటు. కిరాణాకొట్టు సీతయ్య ఇచ్చిన మొక్క సీతయ్య, ఎదురింటి నిర్మలాదేవి ఇచ్చింది నిర్మలాదేవి. అద్దిన ప్రతి పువ్వుకూ ఆ పేర్లు, తేదీ రాసి దారంతో కట్టేవాడు. వానకు కాగితం ఆగదని, దవాఖానాలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు ముక్కలు కోసి వాటి మీద తెల్ల పెయింటుతో రాసేవాడు. పిందె రాలితే పేరు మీద ఎర్రగీత కొట్టి, రాలిన తేదీ వేసి, కొమ్మకే వదిలేవాడు. ఏ కొమ్మ ఎంత ముంచిందో తెలియాలి కదా.

ఆ సోమవారం నిర్మలాదేవి పూజకు పువ్వులు కోయడానికి కంచె పక్కకు వచ్చింది. పొగమంచులోంచి ఎండ పొడ పడి ఒక ఫిల్ము ముక్క వెలిగింది. అందులో ఎవరివో చేతివేళ్ల ఎముకలు. వాటి మీద సీతయ్య పేరు, దాని మీద ఎర్రగీత, కింద గురువారం తేదీ. సీతయ్య గురువారం నుంచే చలిజ్వరంతో వణుకుతున్నాడు. ఆమె పువ్వుల బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

శ్రావణంలో చర్లలో పదిమందికి అయిదుగురు జ్వరంతోనే ఉంటారు. ఏ పేరు ఏ తేదీన కొట్టేసినా సరిపోతుంది. కానీ ఒళ్లు కాలుతున్నవాడు ఈ లెక్క వేయడు. మధ్యాహ్నానికి సీతయ్య రగ్గు కప్పుకుని వచ్చాడు.

"సారూ, నా పేరెందుకు కొట్టేసిండ్రు?"

"నీది కాదు సీతయ్యా, మొక్కది. పిందె నిలవలే."

"నిలవకుంటే కొట్టేస్తరా?"

"మరేం జెయ్యాలె? పొద్దుగాల ఇంకో పువ్వుకు కట్టిన గద, చూడు."

సీతయ్య కొత్త ముక్కను చాలాసేపు చూశాడు. "గిది జర గట్టిగ కట్టుండ్రి" అన్నాడు.

అతన్ని పంపించేస్తే చాలని హాతీరాం ఇంకో ముడి వేశాడు. తెల్లారేసరికి సీతయ్యకు జ్వరం దిగింది. మాత్రలు అయిదు రోజులు మింగిన సంగతి సీతయ్య ఎవరికీ చెప్పలేదు.

ఇక వీధి వీధంతా వచ్చింది. కొడుకు పేరు కట్టమని ఒకరు, మొగుడి పేరు కట్టమని ఒకరు. ఒకామె అత్త పేరు కట్టమంది, కాకపోతే ముడి వదులుగా. ఇవి మొక్కలు, నేను గుమాస్తాను అని హాతీరాం గొంతు పోయేదాకా చెప్పాడు. అందరూ తలలూపారు, తెలిసీ చెప్పని మనిషి ముందు ఊపినట్టు. అతను కట్టనన్నాక వాళ్లే కట్టుకున్నారు. దవాఖానా వెనక ఫిల్ముల కుప్ప రెండు రోజుల్లో మాయమైంది. తెల్లవారుజామున ఎవరెవరో వచ్చేవారు, కట్టేవారు, వెనక్కి చూడకుండా పోయేవారు. వారం తిరిగేసరికి పెరట్లో రెండొందల పేర్లు. అడవి గాలి వీస్తే ఫిల్ములన్నీ పళ్లు కొరికినట్టు టకటకమనేవి. ఎండ తగిలితే పక్కటెముకలు వెలిగేవి, మబ్బు పడితే ఆరేవి. పిట్టలు ఆ పెరటివైపు రావడం మానేశాయి.

మంగళవారం పొద్దున హాతీరాం తన కాయను చూడబోయాడు. గోధుమరంగు తిరిగింది; మూడు రోజుల్లో పగులుతుంది. దాని పాత ముక్క పక్కన కొత్త ముక్క ఒకటి వేలాడుతోంది. వంకర అక్షరాలతో 'హాతీరాం' అని ఉంది. కింద రాబోయే శుక్రవారం తేదీ.

పెరట్లో ఎవరి ముక్క మీదా రాబోయే తేదీ లేదు. అతను చుట్టూ చూశాడు. టేకుచెట్ల మధ్య మంచు కదలకుండా నిలబడి ఉంది. బీయే చదివినవాడు కనుక లెక్క వేసుకున్నాడు: ఫిల్ము, పెయింటు, దారం. మొత్తం కలిపితే ఏమీ లేదు. కానీ కాయ పగిలేది శుక్రవారం, కత్తెరతో కోయాల్సింది తనే. తన పేరున్న కాయ, తన చేత్తో. ఎన్నిసార్లు కూడినా మొత్తం సున్నాకు రాలేదు.

వేళ్లు వాటంతటవే దారం విప్పాయి. రెండు దారాలూ మెలిపడి ఉండటంతో పాత ముక్క కూడా ఊడి వచ్చింది. తన పేరును మూలనున్న పాత మందారం మొదలుకు బిగించి కట్టి, కాయ ముక్కను సాయంత్రం కట్టొచ్చులే అని జేబులో వేసుకుని ఆఫీసుకు పోయాడు.

సాయంత్రం వచ్చేసరికి కాయ లేదు, తొడిమ ఉంది.

అడగకముందే నిర్మలాదేవి వచ్చింది. "కంగారుపడకండి అన్నయ్యగారూ. అన్నిటికీ పేర్లుండి, దానికొక్కదానికే లేదు. అలా వదిలేస్తే ఎవర్ని పిలుస్తుందో ఏమో. నేనే తెంపి వాగులో వేసొచ్చాను."

వాగు చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది. జమ్లి వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"దానికి పేరు లేకుండుడేంది? నేను కట్టిన గద."

"నువ్వు రాసినవా?" అన్నాడు హాతీరాం. మహిళా సంఘంలో ఆమె సంతకం నేర్చుకుందని తెలుసు. అంతకుమించి నేర్చుకుందని తెలియదు.

"అవ్. నీ పేరుంటే ఎవ్వరు ముట్టరని. శుక్రవారం పగుల్తదంటివి, మర్చిపోతవని తారీఖు గూడ ఏసిన. ఎవరిప్పిండ్రు దాన్ని?"

"గాలికి ఊడిందేమో."

"నేను మూడు ముళ్లేసిన" అంది జమ్లి.

శుక్రవారం వచ్చింది, పోయింది. హాతీరాంకు తుమ్ము కూడా రాలేదు.