రోజూ ఎనభై తొమ్మిదే

మానవజాతి కనిపెట్టిన వైద్యాలన్నిటిలోకీ కచ్చితమైనది తాగుడు మాన్పించే వైద్యం. అది సరిగ్గా తొంభై రోజులు పనిచేస్తుంది. తొంభై ఒకటో రోజు మీద దానికి అధికారం లేదు.

మా ఆయన బస్సుల మెకానిక్. మూడుసార్లు మద్య విముక్తి కేంద్రంలో చేరి, మూడుసార్లూ పూర్తిగా కోలుకున్నారు. హాల్లో మూడు మేకులకు మూడు సర్టిఫికెట్లు వేలాడుతున్నాయి. (పనిలో పనిగా నాలుగో మేకు కూడా కొట్టి ఉంచారు. ముందుచూపున్న మనిషి.)

పద్ధతి ఇదీ. ఇంటికి పంపేటప్పుడు తొంభై గడుల కార్డు ఇస్తారు. తాగని ప్రతి రోజుకీ ఇల్లాలు ఒక టిక్కు పెట్టాలి. (తాగినవాడు పెడితే టిక్కు గడి దాటిపోతోందని కేంద్రం కమిటీ గమనించింది.) తొంభై నిండగానే కోలుకున్నవారి నమోదు అధికారి చప్పట్లు కొట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, ఫైలు మూసేస్తారు. మర్నాడు మా ఆయన "పాసయ్యానుగా, ఒక్కటే" అంటూ చెప్పులేసుకుంటారు. ఆ ఒక్కటి నాలుగు నెలలు సాగుతుంది. మూడుసార్లూ ఇంతే, ఆయన క్రమశిక్షణకు వంక పెట్టలేం.

మూడోసారి తాగి షెడ్డులో బస్సు కింద నిద్రపోయారు. బండి కదిపేముందు డ్రైవరు ఎందుకో కిందికి వంగి చూశాడు. అలా నాలుగోసారి కోలుకునే అవకాశం మిగిలింది.

ఈసారి అధికారిని ముందే అడిగాను.

"ఫైలు మూయకండి సార్. మూస్తే తాగుతారు."

"మూయకపోతే కోలుకున్నట్టు ఎలాగమ్మా?"

"తాగకపోతే చాలదా అండీ?"

"దానికి కాలమ్ లేదమ్మా."

అందుకని ఎనభై తొమ్మిదో టిక్కు పెన్సిలుతో పెట్టాను. పొద్దున్నే చెరిపేస్తాను, సాయంత్రం మళ్లీ పెడతాను. మా ఇంట్లో ఇప్పుడు రోజూ ఎనభై తొమ్మిదో రోజే. ఆయన కనిపెట్టలేదనుకున్నాను. మొన్న షెడ్డు నుంచి వస్తూ కొత్త రబ్బరు తెచ్చి కార్డు పక్కన పెట్టారు.

"పాతది అరిగిపోయిందిగా."

"ఎప్పుడు చూశారు?"

"చాన్నాళ్లైంది లేవే. టీ పెట్టు."

నిన్న కేంద్రం నుంచి నోటీసు వచ్చింది. నూట యాభై మూడు రోజులైనా తొంభై గడులు నింపలేకపోయినందున మా ఆయన చికిత్స విఫలమైనట్టు నమోదు చేశారట. కేంద్రం చరిత్రలో ఇదే మొదటి వైఫల్యమట. మిగతా అందరూ నూటికి నూరుపాళ్లూ కోలుకున్నారు. (వాళ్లలో చాలామంది మళ్లీ చేరడానికి బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు.)

నోటీసును నాలుగో మేకుకు తగిలించాను.