మూకుడు మూత కింద పరువు

ఆ వేళ పొద్దున్న సత్తియ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు పద్మకుమారి అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కేలోగా మూకుడు దించెయ్యాలి. కంపెనీలో ఆడవాళ్లంతా తలో వంటకం తెచ్చుకునే రోజది. అడుగున పళ్లు, పైన రొట్టె ఉండే వంటకమేదో టీవీలో చూసి, అదే తెస్తానని కోడలు అందరి ముందూ చెప్పేసింది.

"ఓవెను లేకపోతే అవదంట మావయ్యా. అందరూ నవ్వుతారు," అంది మొహం వేలాడేసుకుని.

"మూకుడు లేదేటి?" అన్నాడు సత్తియ్య.

నలభై ఏళ్లు బెల్లం వండిన చెయ్యి అది. ఇనప మూకుట్లో మామిడిపళ్ల ముక్కలు, తురిమిన బెల్లం పరిచి, పైన వెన్న కలిపిన మైదాపిండి కప్పాడు. ఆవిరి పోకుండా మూత చుట్టూ పిండి మెత్తాడు. కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టాడు. ఇక నోరు మూసేశాడు. పాకం పొయ్యి మీద ఉండగా వండేవాడు మాట్లాడితే పాకం చెడుతుందని ఆయన నమ్మకం. దించేదాకా దేవుడొచ్చి పిలిచినా పలకడు.

కోడలు తయారవడానికి లోపలికి వెళ్లింది. వాసన వీధిలోకి వెళ్లింది.

ముందుగా పక్కింటి పైడిరాజు వచ్చాడు. మగ్గిన పళ్ల తొక్కలు, బెల్లం, పిండి మెత్తిన మూత చూశాడు. "ఏటి మావా, సారా కాత్తన్నావా?" అని కన్ను గీటాడు.

సత్తియ్య చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఆగుతాన్లే, తొందరేటుంది!" అని పైడిరాజు గ్లాసు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. అతని గ్లాసు చూసి బాబ్జి వచ్చాడు. బాబ్జి గ్లాసు చూసి త్రినాధరావు వచ్చాడు. పావుగంటలో అరుగు మీద ఏడు గ్లాసులు చేరాయి. వాటిని చూసి, రోడ్డున పోయే జీపు ఆగింది.

కానిస్టేబులు దిగి లాఠీతో మూత తట్టాడు. "ఏరా ముసలాడా, సారా బట్టీ ఎప్పట్నుంచి? మూత తియ్యి!"

సత్తియ్య చెయ్యెత్తాడు.

"నన్నే ఆగమంటావా? నడు టేషనుకి!"

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ లోపల పాకం ఉడుకుతోంది. కోడలి పరువు ఆ మూత కిందే ఉంది. సత్తియ్య నిప్పుల మీంచి కళ్లు తిప్పలేదు.

సందు చివర బస్సు హారను మోగింది. అప్పుడే ఆయన ముక్కుకి కావలసిన వాసన తగిలింది. నిప్పులు దులిపి, పిండి పగలగొట్టి, మూత తీశాడు.

బంగారు రంగు రొట్టె. పగుళ్లలోంచి మామిడి పాకం బుడగలు. ఏడు గ్లాసులూ నోరెళ్లబెట్టాయి. కానిస్టేబులు సాక్ష్యం కోసమని ఒక అంచు తుంచి నోట్లో వేసుకున్నాడు. నాలుక కాలింది గానీ ఉమ్మలేదు.

"ఓలమ్మ! టీవీలో దానికన్నా బాగొచ్చింది మావయ్యా! బస్సెల్లిపోతంది!" అంటూ పద్మకుమారి బయటికి పరిగెత్తుకొచ్చింది.

పైడిరాజు గ్లాసు వదిలేసి పోయి బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు. సత్తియ్య గోనెగుడ్డతో మూకుడు పట్టుకుని, మార్కెట్‌కి మొదటిరకం బెల్లం దిమ్మ మోసుకెళుతున్నట్టు తలెత్తుకుని నడిచాడు.

"ఎవరు సేసేరే పద్మా?" అని బస్సులోంచి అడిగారు.

"మా మావయ్యే! ఓవెను కూడా లేకండానే!" అంది పద్మకుమారి వీధంతా వినబడేలా.

మూకుడు చేతులు మారింది కనక సత్తియ్య నోరు విప్పాడు.

"బెల్లం రవ్వంత ఎక్కువైంది," అన్నాడు.

సాక్ష్యం చాలలేదని కానిస్టేబులు మర్నాడు మళ్లీ వచ్చాడు.