పల్లపు దేశంతో పేడ ఒప్పందం

ఒక పెద్ద అడవిలో అందరికంటే అణకువ గల పక్షిని నేనే. ఈ సంగతి తెలియక ఎవరూ నష్టపోకూడదని రోజూ పొద్దున్నే నాలుగు చెట్లు మారి మరీ చెబుతుంటాను.

జాతికి గోరింకని. ఉద్యోగానికి దుబాసీని. విదేశీ భాష నాకెవరూ నేర్పలేదు. అటవీ బంగళాకి వచ్చే దొరల కిటికీ మీద కూర్చుని మూడు వేసవులు విని నేర్చుకున్నాను. గురువు లేడు కాబట్టి నా తప్పులన్నీ నా స్వార్జితం.

మా మూడుకొండల అడవికి అధ్యక్షుల వారు మందరయ్య గారు. ఏనుగు. మంచివారు. కాకపోతే ఆ ఎత్తు మూలంగా కిందివాళ్ల మాట ఆయనదాకా చేరదు. చీమలు, కప్పలు, పురుగులు ఏం మొరపెట్టుకున్నా నేనే విని, ఎగిరి వెళ్లి ఆయన చెవి మీద వాలి చెప్పాలి. అంటే బయటి దుబాసీనీ నేనే, లోపలి దుబాసీనీ నేనే.

పెట్టుబడుల శాఖ చూసేది కొండముచ్చు వాలేశ్వరం గారు. ఏ కొమ్మ మీదా రెండు నిమిషాలు నిలవరు. నిలిచిన ప్రతి కొమ్మ మీదా ఒక ప్రకటన ఇచ్చి మరీ దూకుతారు.

ఇలా ఉండగా సముద్రాల అవతల పల్లపు దేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి నేల సముద్రం కన్నా పల్లంలో ఉంటుందట. ఎటు చూసినా పచ్చగడ్డి, గడ్డి మీద ఆవులు, మరేం లేదట. రాసినవారు ఆ దేశపు వాణిజ్య సంఘం పెద్ద, హెండ్రిక్ కొంగ దొర.

నిండు సభలో నన్ను చదవమన్నారు. ఉత్తరంలో ఉన్నది ఇది:

"మా దగ్గర ఆవులు ఎక్కువైపోయాయి. పేడ గుట్టలు పడి ఉంది. మీ దగ్గర ఏనుగులు, అడవిదున్నలు మందలు మందలుగా ఉన్నా పొద్దున పడిన పేడ సాయంత్రానికి కనపడదట. ఆ పని చేసే పురుగుల్ని చూడాలి. కుదిరితే కలిసి వ్యాపారం చేద్దాం."

పేడ అన్న మాట దగ్గరికొచ్చి ఆగాను. ఎదురుగా అధ్యక్షుల వారు. పక్కన వారి సతీమణి. ముందు వరసలో నెమళ్లు పింఛాలు సర్దుకుని కూర్చున్నాయి. అంత పెద్ద సభలో అంత చిన్న మాట ఎలా అంటాను? మర్యాదస్తుణ్ని కదా.

"మీ అడవి శుభ్రత గురించి గొప్పగా విన్నాం, కళ్లారా చూడ్డానికి వస్తున్నాం, నచ్చితే పెట్టుబడి పెడతాం అంటున్నారండి" అన్నాను.

సభ దద్దరిల్లింది. వాలేశ్వరం గారు అప్పటికప్పుడు మూడు కొమ్మలు మారారు.

మర్నాటి నుంచి ఊడవడం మొదలైంది. అతిథులు నడిచే దారిలో పుల్ల కూడా ఉండకూడదన్నారు. అడవిదున్నల మందల్ని మూడో కొండ అవతలికి తోలారు. ఏనుగులకైతే ప్రత్యేక ఉత్తర్వు: అతిథులు వెళ్లేదాకా మూడు రోజులు ఎవరూ దారిలో గానీ, దారికి కనపడేంత దూరంలో గానీ ఆ పని చేయరాదు. ఏనుగుకి మూడు రోజులంటే మాటలా! అయినా మందరయ్య గారు అందరికీ ఆదర్శంగా ఉండాలని ఆ క్షణం నుంచే బిగబట్టారు.

చివరికి పేడపురుగుల వంతు వచ్చింది.

"వాళ్లని కూడా కొండ అవతలికి పంపేయండి" అన్నారు వాలేశ్వరం గారు. "ముందుకు దూసుకుపోతున్న అడవి అని పూలతో తోరణం కట్టించాను. దాని కిందే వీళ్లు తల కింద పెట్టి, కాళ్లు పైకెత్తి, వెనక్కి నడుస్తూ పోతుంటే దొరల కంటికి ఎలా ఉంటుంది?"

పేడపురుగుల తరఫున ఉండమ్మ వచ్చింది. నిండు గర్భిణి. నేను ఆమె ముందు వాలాను. ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పురుగులు తినే జాతి నాది. వాళ్ల ఫిర్యాదు రాసుకునేటప్పుడు నోట్లో నీళ్లూరకుండా చూసుకోవడం నా ఉద్యోగంలో కష్టమైన భాగం.

"గోరింక బాబూ, తొలకరి పడి మూడు రోజులైంది" అంది ఉండమ్మ. "ఈ మెత్తదనంలోనే ఉండ చుట్టి, లోపల గుడ్డు పెట్టి, నేలలో పాతాలి. పిల్ల ఆ ఉండే తిని పెరుగుతుంది. ఏడాదికి నాకున్నది ఈ ఒక్క అదను. మీరేమో పేడంతా ఊడ్చేస్తున్నారు. ఒక్క ముద్ద వదిలిపెట్టమని చెప్పు బాబూ."

వాలేశ్వరం గారు కొమ్మ మీంచే అడిగారు, "ఏంటటా?"

"ఒక్క ముద్ద కావాలిటండి. గుడ్డు పెట్టాలిట."

"అతిథులు వెళ్లాక రమ్మను. అప్పుడు పెట్టుకోవచ్చు."

"గుడ్డు ఆగదని చెప్పు ఆయనకి" అంది ఉండమ్మ. "ఆయన కడుపులో ఉందా ఏంటి, ఉత్తర్వు ఇస్తే ఆగడానికి?"

"ఆలోచించమని వేడుకుంటోందండి" అన్నాను నేను.

అప్పటికే ఆయన వేరే కొమ్మ మీద ఉన్నారు. సాయంత్రానికి మూడొందల పురుగుల కుటుంబాలు దున్నల అడుగుజాడల వెంట కొండ వైపు కదిలాయి. ఉండమ్మ మాత్రం బరువు మూలంగా వెనకబడి వాగు ఒడ్డున ఆగిపోయింది.

అతిథులు రానే వచ్చారు. హెండ్రిక్ కొంగ దొర ఎర్ర కాళ్లతో, పొడవాటి ముక్కుతో హుందాగా ఉన్నారు. వెంట బెర్తమ్మ అనే నల్లమచ్చల ఆవు. వాళ్ల దేశం సరుకు ఎలా ఉంటుందో చూపించడానికి ఓడలో తీసుకొచ్చారట. మా వాళ్లు దొరకి టేకాకు శాలువాలు కప్పారు. ఒకటి కాదు, ప్రతి శాఖ తరఫునా ఒకటి. పదకొండో శాలువాకి దొర కనపడ్డం మానేశారు. ముక్కు మాత్రం బయటికి ఉంది కాబట్టి ప్రసంగం ఆ ముక్కుకే చేశారు.

తర్వాత దారి చూపించారు. అద్దంలా ఉంది.

"చాలా శుభ్రంగా ఉంది" అన్నారు దొర. "మరి అవెక్కడ?"

"ఏవండీ?" అన్నారు వాలేశ్వరం గారు నా ద్వారా.

"మేం చూడ్డానికి వచ్చినవి."

వాలేశ్వరం గారు ఒక చెట్టుతొర్ర చూపించి, పెట్టుబడిదారుల పనులన్నీ ఈ ఒక్క కిటికీలోనే అయిపోతాయని వివరించారు. దొర మర్యాదగా లోపలికి తొంగిచూశారు. గుడ్లగూబ నిద్రపోతోంది.

విందులో పనసపళ్లు, అరటిగెలలు పెట్టారు. అధ్యక్షుల వారు మొహమాటానికి నాలుగు గెలలు తిన్నారు. మూడో రోజు బిగింపు మీద నాలుగు గెలలు. ఆయన కళ్లలో నీళ్లు చూసి దొర, "మీ అధ్యక్షులు సున్నిత హృదయులు" అన్నారు.

చివరికి వేదిక మీద దొర శాలువాల్లోంచి మెడ బయటికి లాగి సూటిగా అన్నారు. "నేను వచ్చింది పేడపురుగుల కోసం. మూడొందల కుటుంబాలు మా దేశం వచ్చి రెండు సీజన్లు ఉంటే చాలు. మా ఆవుల పేడ ఎలా తీయాలో చూపించాలి. బదులుగా ఎండల్లోనూ పచ్చగా ఉండే మా గడ్డివిత్తనం మీ కొండలన్నిటికీ సరిపడా ఇస్తాం."

ఇక తప్పలేదు. కళ్లు మూసుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. పేడ అన్న మాటకి నెమళ్లు ముక్కులు మూసుకున్నాయి.

ఒక్క వాలేశ్వరం గారు మాత్రం తేరుకున్నారు. "ఓ, అవా! లక్షల్లో ఉన్నాయి! ఇప్పుడే చూపిస్తాం" అని కుందేళ్లని నాలుగు వైపులా తరిమారు. తర్వాత అధ్యక్షుల వారి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించారు. "అయ్యా, పురుగులు వస్తే సరిపోదు. పని చూపించాలంటే సరుకుండాలి. దున్నలు కొండ అవతల ఉన్నాయి. అడవి భవిష్యత్తు ఇప్పుడు తమ చేతుల్లో ఉంది. అంటే, చేతుల్లో అని కాదనుకోండి..."

"ఇక్కడా?" అన్నారు మందరయ్య గారు.

"వేదిక మీదే అయితే బాగుంటుంది."

పాపం, ఆయన ప్రయత్నించారు. మూడు రోజులు రావద్దని ఆపినది ఇప్పుడు రమ్మంటే రావడం లేదు. చెవులు నిక్కబొడిచారు. తొండం బిగించారు. వేదిక కిర్రుమంది. ఇంకేం అనలేదు. డప్పులు వాయిస్తే ఉత్సాహం వస్తుందని ఎవరో వాయించారు. ఉన్న కాస్త ఉత్సాహమూ పోయింది.

సతీమణి గారు లేచారు. "ఇంతమంది కళ్లప్పగించి చూస్తుంటే ఎవరికి మాత్రం వస్తుందయ్యా? అందరూ అటు తిరగండి!"

అందరం అటు తిరిగాం. దొర కూడా తిరిగారు, ఇది ఈ దేశపు ఆచారం అనుకుని.

కాసేపటికి ధప్పుమని చప్పుడైంది. సభంతా చప్పట్లు కొడుతూ ఇటు తిరిగింది. అధ్యక్షుల వారు తెల్లమొహం వేసుకుని అలాగే ఉన్నారు. ఆ పని చేసింది బెర్తమ్మ. విందులో తిన్న పనసపండు ఆవిడకి ఎలాంటి మొహమాటమూ నేర్పలేదు.

"అదీ మా సరుకే! భేష్!" అన్నారు దొర. "మీ పురుగుల్ని పిలవండి."

కుందేళ్లకి దొరికింది ఒక్క ఉండమ్మే. వాగు ఒడ్డు నుంచి మోదుగాకులో పెట్టి, దారిలో దొర సంగతంతా చెబుతూ మోసుకొచ్చాయి. దింపగానే ఆమె మొహం వెలిగింది. పేడ! అదీ తాజాగా! పొట్ట ఈడ్చుకుంటూ గబగబా వెళ్లింది. మీసాలు ఊపింది. ఒక కాలు ముంచింది. చుట్టూ ఒకసారి తిరిగింది. ఆగిపోయింది.

వెనక్కి రెండడుగులు వేసి నన్ను పిలిచింది.

"బాబూ, ఇది పేడ కాదు, మందుల కొట్టు. ఈ ఆవుకి కడుపులో పురుగులు చావాలని ఏదో తాగించారు. ఆ మందంతా ఇందులోనే ఉంది. ఇందులో గుడ్డు పెడితే నా బిడ్డ బతకదు. నా బిడ్డా పురుగే కదా! వాళ్ల దేశంలో పేడ గుట్టలు పడింది పురుగులు లేక కాదు, ఉన్నవాటిని చంపుకుని. ముందు ఆ మందు మానమని చెప్పు. ఈ ఒక్క మాట కోసమే పాపం ఆ దొర సముద్రాలు దాటి వచ్చాడు."

"ఏమంటోంది?" అన్నారు దొర ఆత్రంగా.

నా చెవి పక్కనే వాలేశ్వరం గారి ఊపిరి తగిలింది. "అద్భుతం అందని చెప్పు. అతిథి ఆవు పేడకి వంక పెడతామా? సంస్కారం ఉండక్కర్లా?"

ఒకవైపు పురుగు. ఒకవైపు సంస్కారం. నేను ఎటు వాలానో మీరు ఊహించే ఉంటారు.

"ఇంత శ్రేష్ఠమైన పేడ పుట్టి ఎరగనంటోందండి."

"మరి ముట్టుకోదేం?"

"గౌరవం కొద్దీ అండి."

దొరకి కళ్లు చెమర్చాయి. "మా దేశంలో దీన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు" అన్నారు. తర్వాత ముక్కు గోక్కుని ఆలోచించారు. "ఇంత ఇష్టమైతే పురుగుల్ని అంత దూరం తిప్పడం ఎందుకు? పేడనే ఇక్కడికి పంపిస్తాం. మీ పురుగులు మీ ఇంట్లోనే తింటాయి. గడ్డివిత్తనం ఖర్చు మాకు కలిసొస్తుంది."

"విదేశీ పేడ!" అని అరిచారు వాలేశ్వరం గారు. "తొలి విడత నాలుగు గుట్టలు!" ఒప్పందం మీద అధ్యక్షుల వారు కాలిముద్ర వేశారు, దొర ముక్కుతో గీత గీశారు. దుబాసీ సేవలకి నాకూ ఒక శాలువా కప్పారు.

సందట్లో ఉండమ్మ నా రెక్క లాగింది. "చెప్పావా బాబూ?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"చాలా సంతోషించారు."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత గుడ్డు కడుపులో మోసుకుంటూ మూడో కొండ వైపు బయల్దేరింది. ఆ కొండకి నేనైతే మూడుసార్లు రెక్కలాడిస్తే చేరతాను. ఆమెకి రెండు పగళ్లు. పేడపురుగు ముందుకు నడవడం నేను చూడటం అదే మొదలు. వెనక్కి తొయ్యడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

నెల తిరిగేసరికి పల్లపు దేశం గుట్టలు దిగాయి. పూలతోరణం దగ్గరే దించారు. ముట్టుకున్న పురుగు లేదు. ముట్టుకోవడానికి అసలు పురుగులే లేవు. ఈలోగా ఏనుగులకి నిషేధం ఎత్తేశారు కాబట్టి స్వదేశీ సరుకు కూడా దాని పక్కనే పేరుకుంది. వానకి రెండూ కలిసి వాగులోకి జారాయి. ఈగలు మాత్రం బాగా పెరిగాయి. ఉపాధి పొందిన వర్గం అదొక్కటే అని వాలేశ్వరం గారు నివేదికలో రాయించారు. ఒక పొద్దున ఊరేగింపులో మందరయ్య గారు జారిపడ్డారు. ఆయన పడితే అడవి మొత్తానికి తెలుస్తుంది.

"పురుగుల్ని వెనక్కి పిలవండి" అన్నారు, లేవకుండానే.

అలా మేం ప్రతినిధి బృందంగా మూడో కొండ అవతలికి వెళ్లాం. అధ్యక్షుల వారు, వాలేశ్వరం గారు, నేను. అక్కడ వందల దున్నలున్నాయి. నేల మాత్రం విందుకి ఆకులేసుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది. ఉండమ్మకి శాలువా కప్పాం. ఆమె కనపడకుండా పోయింది. టేకాకు కదా. తీసి, వెతికి, పక్కన పరిచాం.

ఆమె వెనక ఒక చిన్న పురుగు నిగనిగలాడుతూ నిలబడి ఉంది. కొత్త రెక్కలకి ఇంకా మట్టి ఆరలేదు.

"మా అమ్మాయి" అంది ఉండమ్మ. "ఇక్కడికి చేరిన పూటే దున్న పేడ దొరికింది. ఒక్క పూట ఆలస్యమైతే ఇది లేదు. నువ్వు కాస్త దూరంగా కూర్చో బాబూ, నీ చూపు బాలేదు."

దూరంగా జరిగాను.

"ఆ రోజు నేనన్నది దొరకి చెప్పలేదు కదూ?"

"నీకెలా తెలుసు?"

"చెప్పుంటే కృతజ్ఞత వచ్చేది. పేడ వచ్చింది."

నేను ఇంకాస్త దూరంగా జరిగాను.

"సరే, ఇప్పుడైనా చెప్పు" అంది ఉండమ్మ. "మీ ఏనుగయ్యకి చెప్పు. మేం రాం. ఆ మందు గుట్టలు ముందు ఓడెక్కించమను. వాగు కడిగించమను. మమ్మల్ని తరిమిన దారిలో పడిన పేడంతా ఆ కొండముచ్చుని చేత్తో ఎత్తమను. అదంతా అయ్యాక అడగమను. అప్పుడు కూడా వస్తామని కాదు, వింటామని."

పైనుంచి మందరయ్య గారి గొంతు వినిపించింది. "ఏమంటోంది?"

నేను ఎగిరి ఆయన చెవి మీద వాలాను. కింద ఉండమ్మ తలెత్తి చూస్తోంది. పక్కన ఆమె కూతురూ చూస్తోంది. కొమ్మ మీద వాలేశ్వరం గారు అప్పుడే ప్రకటనకి గొంతు సవరించుకుంటున్నారు. నేను నోరు తెరిచాను.

"సూత్రప్రాయంగా ఒప్పుకుంటోందండి."

నీతి: విదేశీ వ్యాపారం వృద్ధి చెందాలంటే ఇంట్లో ఉన్న సరుకుని, దాని పనివాళ్లని ముందుగా తరిమేయాలి, అప్పుడే దిగుమతికి చోటు దొరుకుతుంది.

ఈ నీతి మాత్రం నేను బాగానే నేర్చుకున్నాను. కింద విన్న మాట విన్నట్టు పైన చెప్పడం నాకింకా రాలేదు.