మేక మింగిన బడిసంచి

రండి రండి, దగ్గరికి జరగండి! ఆ వెనకాల గుసగుసలు ఆపండి. ముక్కు చీదేవాళ్లు ఇప్పుడే చీదేసుకోండి. మొదలెట్టానంటే నా నోటికి బ్రేకులుండవు.

మా వీధిలో సంచులు కుట్టే మామ ఒకాయన ఉండేవాడు. మనిషి బక్కపలచన, మాటలు మాత్రం బండెడు. ఒకరోజు పొద్దున్నే కొత్త బడిసంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. బళ్లో పిల్లలందరికీ ఒకే రకం సంచులు కొనాలని పెద్దమేడమ్ అనుకుంది. చంటివాళ్లు పట్టీలు నమిలేస్తున్నారు, అందుకని విషపు రంగులూ ఘాటు వాసనలూ లేని సంచే కావాలంది. పోటీకొచ్చింది ఎవరనుకున్నారు? సొంత బావమరిది! ప్లాస్టిక్ సంచుల కొట్టు వాడిది.

"బావా, నీ సంచి ఓడిపోతే మిషను అటకెక్కించేసి, నా కొట్టు ముందు నిలబడి 'రండి బాబూ రండి' అని అరవాలి" అన్నాడు వాడు. మామ పౌరుషానికి పోయి సరేనన్నాడు.

సంచి మాత్రం బ్రహ్మాండం! గోనెగుడ్డ, బీట్‌రూట్ రంగు, కొబ్బరిచిప్ప బొత్తాలు, ఘాటు జిగురు బదులు గోధుమపిండి జిగురు.

"ఏవండీ, ఆ గోనెలు పశువుల దాణా మోసినవి. ఒక్కసారి ఉతకండి" అని అత్త ముందే మొత్తుకుంది.

"ఉతికితే నేత వదులైపోతుందే. ఆ వాసన ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మామ.

తెలిసింది. వీధి మలుపులో మేకకి తెలిసింది.

వెనకనుంచి ఎవరో పట్టీ లాగుతుంటే, "ఇప్పుడు తీరిక లేదండీ" అన్నాడు మామ. తిరిగి చూస్తే గడ్డమైతే ఉంది గానీ మనిషి కాదు! మామ పరుగు. మేకా పరుగు. దాని వెనక మంద. మంద వెనక కర్రెత్తుకుని మేకలవ్వ. "దొంగోయ్! దాణా చూపించి నా మేకల్ని తోలుకుపోతున్నాడోయ్!"

మామ గబుక్కున బస్సెక్కాడు. మొదటి మేకా ఎక్కింది.

"మేకకి టికెట్టెవరు తీస్తారు?" అన్నాడు కండక్టరు.

"అది నాది కాదు బాబూ!"

"నీది కాకపోతే నీ వీపెందుకు నాకుతోంది?"

ఇద్దర్నీ దింపేశాడు. తమాషా చూడ్డానికి బస్సంతా దిగింది. డ్రైవరు కూడా దిగాడు, బస్సు తనంతట తనే డిపోకి పోయింది!

ఇంత ఊరేగింపూ పెద్దమేడమ్ గదిలో జొరబడింది. అప్పటికే అక్కడ కూర్చున్న బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, సంచి తెమ్మంటే సంత తెచ్చావేంటి?"

మామ సంచి బల్లమీద పెట్టి నోరు తెరిచేలోపే మేక దాన్ని లాగేసింది. పట్టీ పోయింది, జేబు పోయింది, అడుగూ పోయింది. బొత్తాలు మాత్రం ఉమ్మేసింది. చూపించడానికి మామ చేతిలో ఇంకేం మిగిలింది, గాలి తప్ప?

మేకలవ్వ గుండెలు బాదుకుంది. "నా తల్లి ఏ విషం మింగిందో! దీనికేమన్నా అయితే నిన్ను వదల్ను!"

"గోనె, పిండి, దుంప రంగు. అంతే అవ్వా, నీ మేక మీద ఒట్టు!"

"బడి వదిలేదాకా చూద్దాం" అంది పెద్దమేడమ్. అందరూ ఊపిరి బిగబట్టి మేక చుట్టూ కూర్చున్నారు. మేక నెమరేసింది. త్రేన్చింది. బడి వదిలే గంట కొట్టగానే, ఇంకో సంచి లేదా అన్నట్టు మామ వైపు చూసింది.

బావమరిదికి ఒళ్లు మండింది. "నా సంచి చూడండి మేడమ్, ఎలా తళతళలాడుతోందో!" అంటూ తన సరుకు విప్పాడు. గదంతా ఘాటు కంపు. మేక అటూ మెడ చాచింది. మేకలవ్వ ఒక్క గెంతులో అడ్డుపడింది. "వద్దు బాబోయ్! ఆ కంపుగొట్టుది నా మేక నోట పెట్టనివ్వను!"

పెద్దమేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "మేకకే వద్దన్నదాన్ని నా పిల్లలకి తగిలించనా? సంచులు ఈయనే కుడతాడు. కాకపోతే గోనెలు ఉతికి కుట్టాలి."

"ఆ ఉతికే మాట మా ఆవిడ చెవిన పడనీకండి మేడమ్" అన్నాడు మామ, బొత్తాలు ఏరుకుంటూ.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఒక తండ్రి చెయ్యెత్తాడు. "మేడమ్, పుస్తకాలు కూడా ఈయన జిగురుతోనే అంటించండి. మావాడికి చదువు బుర్రకెక్కకపోయినా కడుపులోకైనా పోతుంది."