శాంతవ్వ పార్సిల్, చివరి ఓవర్

ప్రపంచంలో రవాణా వ్యవస్థలకు కొదవ లేదు. ఓడలున్నాయి, రైళ్లున్నాయి, ఫోన్ నొక్కితే చాయ్ మరిగేలోపు కొత్తిమీర కట్ట తెచ్చి గుమ్మంలో పెట్టే కుర్రాళ్లున్నారు. కానీ జీతం లేకుండా, రసీదు లేకుండా, మోసేవాడికి ఇష్టముందా లేదా అన్న ప్రశ్నే తలెత్తకుండా సముద్రాలు దాటి నడిచే వ్యవస్థ ఒక్కటే ఉంది. అది మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు నడిచే పార్సిళ్ల శాఖ.

ఈ శాఖకు భవనం లేదు, బోర్డు లేదు. లచ్చన్న ఇంటి అరుగే ప్రధాన కార్యాలయం. లచ్చన్న వయసంతా మస్కట్‌లో కాంక్రీటు పోసి, మోకాళ్లు మొరాయించాక ఊరికి తిరిగొచ్చి, డైరెక్టర్ జనరల్ పదవి తనంతట తానే స్వీకరించాడు. (ఎవరూ నియమించలేదు కాబట్టి ఎవరూ తీసేయలేరు. ఇంత గట్టి ఉద్యోగం ప్రభుత్వంలో కూడా లేదు.) ఊళ్లో ఎవరు గల్ఫ్‌కు బయల్దేరినా ఆయన ఎలాగోలా ఆరా తీసేవాడు. నవీన విషయంలో ఆ శ్రమ కూడా లేకపోయింది. ఆమే స్వయంగా వాట్సాప్ స్టేటస్ పెట్టింది.

పెట్టకుండా ఎలా ఉంటుంది? కొత్త పెళ్లికూతురు. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆకు తిరగేసినా ఆనందపడే స్వభావం. అలాంటిదానికి భర్త జితేందర్, కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగి, చలికాలం సెలవులకు మస్కట్ టికెట్లు తెచ్చాడు. సముద్రం ఒడ్డున నడక, పెద్ద బజారులో షాపింగ్, అన్నిటికీ మించి స్టేడియంలో కూర్చుని క్రికెట్ మ్యాచ్.

మ్యాచ్ వెనక ఒక చరిత్ర ఉంది. నవీన పుట్టి పెరిగి ఇంతదయినా ఒక్క మ్యాచ్ చివరి ఓవర్ చూడలేదు. చివరి ఓవర్ రాగానే వాళ్ల నాన్న టీవీ కట్టేసేవాడు. తాను చూస్తే మనవాళ్లు ఓడిపోతారని ఆయన నమ్మకం. ఆయన ఊళ్లో లేని రోజున కరెంటు ఆ బాధ్యత తీసుకునేది. ఈ సంగతి నిశ్చితార్థం నాడు విని జితేందర్ నవ్వలేదు. "నేను చూపిస్త," అన్నాడు. అగ్నిసాక్షిగా వేసిన ఏడడుగులకు తోడు నవీన లెక్కన ఇది ఎనిమిదోది.

స్టేటస్ పెట్టిన సాయంత్రమే లచ్చన్న ఇద్దరినీ అరుగు మీదికి పిలిపించాడు.

"ఏ కంపెనీల వీసా వచ్చిందిరా?"

"కంపెనీ కాదు పెద్దబాపూ. తిరగనీకి పోతున్నం," అన్నాడు జితేందర్.

"తిరగనీకా? మస్కట్‌కా?"

"ఔ. షాపింగ్ చేస్తం, మ్యాచ్ చూస్తం, వస్తం."

లచ్చన్న మోకాలు నిమురుకున్నాడు. "నా జవానీ అంత ఆడనే పాయె. ఒక్కనాడు తిరగలే. గాడ తిరగనీకి ఏముంటదిరా?" తర్వాత గొంతు తగ్గించాడు. "సరే తియ్యి. బయట అందరికి గట్లనే చెప్పుండ్రి. నాకు మాత్రం అసలు సంగతి చెప్పు. బ్యాంకు నౌకరి పోయిందా?"

మర్నాటికల్లా జితేందర్ నౌకరి పోయిందన్న మాట ఊరంతటికీ పాకింది. అత్తగారు రాజేశ్వరిని పలకరించడానికి ఆడవాళ్లు వచ్చి, నవీన తల నిమిరి, "దేవుడు చల్లగ చూస్తడు, ఎడారైనా కష్టపడితే కడుపు నిండుతది," అని ధైర్యం చెప్పిపోయారు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరి చంకలో ఒక పార్సిల్ ఉంది.

శాఖ నిబంధనల ప్రకారం పార్సిల్‌ను పాత చీర ముక్కలో కట్టి, దబ్బనంతో కుట్టి, స్కెచ్ పెన్నుతో పేరు రాయాలి. మోసేవారు బరువు అడగరాదు. 'ఇంకా ఉందా' అని అసలే అడగరాదు, ఎందుకంటే ఉంటుంది. గసగసాల మీద మాత్రం పూర్తి నిషేధం. మసాలా పొట్లంలో నాలుగు గింజలు దొరికినా అక్కడ జైలేనని లచ్చన్న ప్రతి మూటా స్వయంగా వాసన చూసి పంపాడు. (ఈ ఒక్క విషయంలో శాఖ నిజంగానే పనిచేస్తుంది.) తొక్కు డబ్బాలు, పసుపు, కారం, గరిజెలు, మురుకులు పెట్టెల్లోకి వెళ్లాయి. జితేందర్ చొక్కాలు బయటికొచ్చాయి. 'వింటర్ ట్రిప్' కదా అని నవీన మోజుపడి కొన్న ఎర్ర స్వెట్టర్ పెట్టెలో చోటు దొరక్క ఒంటిమీదికి ఎక్కింది. మస్కట్‌లో చలికాలమంటే ఫ్యాన్ రెండులో పెట్టుకునే వాతావరణమని ఆమెకు తర్వాత తెలిసింది.

అందరికంటే చివర శాంతవ్వ వచ్చింది. కంటి ఆపరేషన్ అయి, ఆస్పత్రివాళ్లిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమె భర్త మల్లేశం మస్కట్ అవతల రుస్తాఖ్‌లో టైల్స్ పని చేస్తాడు. మూడు ఎండాకాలాలు గడిచాయి, ఇంటికి రాలేదు.

"ఇది నీ చేతులతోనే ఇయ్యాలె బిడ్డా. ఆయన్ని చూసి రావాలె."

"ఫోన్ల చూస్తలేవా అత్తా?"

"ఫోన్ల ఎప్పుడు జూసినా మెడమీదికే కనబడ్తడు. నువ్వు మనిషిని మొత్తం చూసి రా." అద్దాలు సర్దుకుంది. "నా కన్ను సంగతి చెప్పకు మల్ల. పరేశానయితడు. ఎట్లున్నదంటే..."

"మంచిగున్నదను," అని లచ్చన్న పూర్తి చేశాడు.

శాఖకు రాజ్యాంగం లాంటి నిబంధన ఇదే. అవతలివాళ్లు ఇక్కడివాళ్ల గురించి అడిగితే 'మంచిగున్నది' అనాలి. ఇక్కడివాళ్లు అవతలివాళ్ల గురించి అడిగితే 'మంచిగున్నడు, జర లావయిండు' అనాలి. మూడో జవాబు లేదు. లచ్చన్న పదవిలోకి వచ్చాక ఈ ఊరి మగవాళ్లు గల్ఫ్‌లో ఎంత లావయ్యారో లెక్కగడితే ఈపాటికి విమానాలు లేవకూడదు.

మస్కట్‌లో విమానం చక్రాలు నేలను తాకాయో లేదో జితేందర్ ఫోన్ మోగింది.

"అన్నా, అంజిని మాట్లాడుతున్న. లచ్చన్న తాత నంబరిచ్చిండు. వదిన బాగున్నదా? తొక్కు డబ్బాలు పలగలేదు గదా?"

అంజి రువీలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. శాఖకు మస్కట్ ప్రాంతీయ అధికారి. హోటల్ గదిలో నవీన ఇంకా మంచం పక్కన కాగితం సంచిలో పెట్టిన రెండు జతల తెల్ల చెప్పులు చూసి మురిసిపోతుండగానే, కింద లాబీలో అంజి కౌంటర్ తెరిచేశాడు. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టు వచ్చి తమ మూటలు తీసుకుని, దబ్బనం కుట్లు పళ్లతో కొరికి, గరిజెలు నవీనకే మొదట పెట్టారు. ప్రతివాడూ "మావోళ్లు ఎట్లున్నరు?" అన్నాడు. నవీన "మంచిగున్నరు" అంది. హోటల్ మేనేజర్ వచ్చి ఇది ఏ కంపెనీ కార్యక్రమమని మర్యాదగా అడిగాడు. అంజి ఆయన చేతిలో మురుకు పెట్టాడు. మేనేజర్ మళ్లీ అడగలేదు. కాసేపాగి ఇంకో మురుకు కోసం మాత్రం వచ్చాడు.

షాపింగ్ కూడా జరిగింది. సముద్రం పక్కనున్న మత్రా బజారుకు అంజే దగ్గరుండి తీసుకెళ్లాడు. పైకప్పు నుంచి వేలాడే రంగుల దీపాలు, సాంబ్రాణి పొగ, వెండి గొలుసులు చూడటానికి నవీనకు కళ్లు చాలలేదు. ఆమె ధూపం బంక ముక్కను అరచేతిలో పెట్టుకుని, ఇది ఏ చెట్టుదో, ఆ చెట్టు ఏ కుటుంబానికి చెందినదో జితేందర్‌కు చెబుతుంటే, అంజి ఇద్దరినీ దుప్పట్ల కొట్లోకి మళ్లించాడు.

"వదినా, వాపస్ సామాన్ ముందు తీస్కోవాలె. దుప్పట్లు, బామ్ సీసలు, పాలపొడి. మీ సొంతం తర్వాత చూద్దాం."

"మేం మాకోసం ఏమన్న కొనుక్కోవచ్చా అంజి?" అని జితేందర్ వినయంగా అడిగాడు.

"ఎందుకు కొనొద్దన్నా? పెట్టెల జాగ ఉంటే కొనుండ్రి," అని అంజి చాలా ఉదారంగా అనుమతించాడు.

జాగా చేతిలో పట్టేంత మట్టి ధూపదానికి మాత్రమే మిగిలింది. నవీన దాన్ని ఎర్ర స్వెట్టర్‌లో చుట్టుకుంది. స్వెట్టర్‌కు ఎట్టకేలకు పని దొరికింది. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒకే కాగితం కప్పులో కరక్ చాయ్ తాగారు. రెండో కప్పు కొనొచ్చు. కానీ ఒక్క కప్పులో ఉన్న సౌకర్యం రెండో కప్పుతో పోతుందని ఇద్దరికీ చెప్పకుండానే తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం మ్యాచ్. శాంతవ్వ పార్సిల్ తప్ప శాఖ పనులన్నీ ముగిశాయి. "రుస్తాఖ్ పార్సిల్ ఒక్కటే పెండింగ్ వదినా. మల్లేశం తాత కంపెనీ పికప్‌ల సామాన్ కోసం ఇటే వస్తున్నడట. స్టేడియం గేటు కాడ తీస్కుంటడు," అని అంజి ఫోన్‌లో చెప్పాడు. ఎన్నింటికని అడిగితే, "వచ్చినప్పుడు," అన్నాడు. శాఖ సమయపాలన మొత్తం ఆ ఒక్క మాట మీద నడుస్తుంది.

నవీన తెల్లచెప్పుల మీద చూపిన సంతోషాన్ని స్టేడియం మీద పదింతలు చూపింది. చుట్టూ ఆకు లేని గోధుమరంగు కొండలు, నడిమధ్య ఎవరో దువ్వి పరిచినట్టున్న పచ్చటి గడ్డి. టీవీలో వినిపించని చప్పుళ్లు ఇక్కడ వినిపించాయి. బంతి బ్యాటుకు తగిలే చప్పుడు, ఫీల్డర్లు ఒకరినొకరు తిట్టుకునే చప్పుడు. నీలం చొక్కాలవాళ్లు, పసుపు చొక్కాలవాళ్లు ఎవరో ఆమెకు తెలియదు. మొదటి ఓవర్‌లో నీలంవాళ్లను దత్తత తీసుకుంది. ఒళ్లో శాంతవ్వ మూట పెట్టుకుని, ఫోర్ కొట్టినప్పుడల్లా ఆ మూట మీదే దరువేసింది.

చివరి ఓవర్ వచ్చింది. నీలంవాళ్లకు పది పరుగులు కావాలి. కరెంటు ఉంది. నాన్న లేడు. జితేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఫోన్ మోగింది.

"అక్కా, నేను ఖాదర్‌వలిని, పికప్ డ్రైవర్ని. మీ మల్లేశం నా బండ్లోనే ఉండాడు. గేటు కాడికి బిర్నా రాండి. మా అర్బాబ్, అదే మా యజమాని, ఫోన్ మింద ఫోన్ చేస్తాండాడు. నేను ఆపలేను."

"ఒక్క అయిదు నిమిషాలు ఆగుతవా అన్నా? ఆఖరి ఓవరు."

"అయిదు నిమిషాలు ఆగితే అది నాకే ఆఖరి ఓవరు అక్కా."

జితేందర్ మూటకోసం చెయ్యి చాపాడు. "నేను ఇచ్చొస్త, నువ్వు చూడు."

"నా చేతులతోనే ఇయ్యమన్నది. మొత్తం చూసి రమ్మన్నది," అంటూ నవీన లేచింది. "మీరు చూసి చెప్పుండ్రి."

జితేందర్ మైదానం వంక చూశాడు, భార్య వంక చూశాడు, అతనూ లేచాడు. "ఒక్కన్ని చూస్తే ఏం మజా ఉంటది, పా."

గేటు దగ్గర కాపలాదారు, బయటికెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరన్న నిబంధన చదివి వినిపించాడు. "మేడమ్, బాహర్ గయే తో ఫిర్ అందర్ నహీ." ఇంత సూటిగా, ఇంత చిన్నగా ఉన్న నిబంధన నవీనకు ఈ ప్రయాణంలో మొదటిసారి ఎదురైంది.

పికప్ పక్కన మల్లేశం నిలబడి ఉన్నాడు. మడతలు ఇంకా పోని చొక్కా వేసుకున్నాడు. భుజాలు దాని లోపల ఎక్కడో ఉన్నాయి. తలకు అప్పుడే రంగు వేసినట్టున్నాడు, చెవి అంచున నల్లటి మరక. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"ఏం కోడలా, మంచిగున్నరా?" అని ఎడమచేతితో మూట అందుకున్నాడు.

మన దగ్గర ఎవరూ ఎడమచేత్తో తీసుకోరు. ఆ సంగతి ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. మూట జారింది. పట్టుకోబోయి కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. మణికట్టు దాకా తెల్లటి పట్టీ.

"ఏం కాలే. టైల్ కోసే మిషిన్ జర ముట్టింది," అన్నాడు మల్లేశం, ఎవరో పక్కింటాయన సంగతి చెబుతున్నట్టు. "ఆమె ఎట్లున్నది?"

నవీన కళ్లముందు గోడ పట్టుకుని నడిచిన శాంతవ్వ మెదిలింది.

"మంచిగున్నది మామా."

"నేనూ మంచిగున్ననని చెప్పు. జర లావయిండను."

లోపల స్టేడియం ఒక్కసారిగా అరిచింది. అది సిక్సరు అరుపో, వికెట్ అరుపో బయటి నుంచి తెలియలేదు. అరుపులన్నీ గోడ అవతల ఒకేలా ఉంటాయి.

"ఆటేనా? పోండ్రి బిడ్డా, చూడపోండ్రి," అంటూ మల్లేశం దుప్పటి సంచి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఆమెకు." ఖాదర్‌వలి హారన్ కొట్టాడు. పికప్ వెళ్లిపోయింది. నవీన చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. జితేందర్ ఆమె మరో చేతిలోని దుప్పటి సంచి తీసుకున్నాడు.

ఫోన్‌లో స్కోరు చూడొచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. జితేందర్ కూడా అడిగాడు. "వద్దు," అంది నవీన. "ఫోన్ల మెడమీదికే కనబడ్తది."

ఊరికి చేరిన సాయంత్రం లచ్చన్న అరుగు మీద వాపస్ సామాను పంపిణీ జరిగింది. "ఆడ పని ఖాయం కాలేదా బిడ్డా, గింత జల్ది పంపిండ్రు?" అని ఒకరిద్దరు సానుభూతి చూపారు. శాంతవ్వ తన దుప్పటి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చూసినవా బిడ్డా? మొత్తం?"

"చూసిన అత్తా. మంచిగున్నడు. జర లావయిండు."

లచ్చన్న మెచ్చుకోలుగా తల పంకించాడు. శాంతవ్వ దుప్పటి మడత విప్పింది. మధ్యలోంచి ఒక పెట్టె జారింది. అందులో కొత్త నల్లద్దాలు, మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. శాంతవ్వ వాటిని తడిమి చూసింది. ఆస్పత్రి అద్దాలు తీసి పక్కన పెట్టి, కొత్తవి పెట్టుకుంది. సరిగ్గా సరిపోయాయి.

"చెయ్యి పట్టీ ఎన్నడు ఇప్పుతరంట?" అని మెల్లగా అడిగింది.

నవీన డైరెక్టర్ జనరల్ వంక చూసింది. డైరెక్టర్ జనరల్ ఆకాశం వంక చూశాడు. నిబంధనల్లో దీనికి జవాబు లేదు. శాఖ చరిత్రలో ఒక్క రహస్యమైనా బయటికి పొక్కిన దాఖలా లేదు. అందరికీ ముందే తెలిసి ఉండటం వేరే సంగతి.

"నేనడిగిననని ఆయనకు చెప్పకు బిడ్డా," అంది శాంతవ్వ. కొత్త అద్దాల కింద కళ్లు చెంగుతో తుడుచుకుని, మాట మార్చింది. "గది సరేగని, గింత దూరం పోయి చూసొస్తిరి. ఆట ఎట్లయింది?"

నవీన ఒక్క క్షణం జితేందర్ వంక చూసింది.

"మంచిగయింది అత్తా," అంది.