లేబులు లేని తొక్కు

నాలుకను నమ్మినవాడు చెడిపోతాడు, లేబులును నమ్మినవాడు నూరేళ్ళు బతుకుతాడు! అయ్యలారా, అమ్మలారా, ఇది ఉత్తమాట కాదు. ఎల్లారెడ్డిలో రిటైరైన పోస్ట్‌మ్యాన్ లక్ష్మీరాజమే దీనికి సాక్ష్యం.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో ఆయన అల్లుడు జీవన్ దుబాయి నుంచి సెలవు మీద వస్తూ ఒక గాజుసీసా తెచ్చాడు. దాని మీద ఇంగ్లీషులో ‘సల్సా’ అని ఉంది.

“గిదేంది బిడ్డా?”

“టమాట తొక్కే మామా. దుబాయిల చిప్సులు దీంట్ల అద్దుకొని తింటరు.”

ఓస్, టమాట తొక్కేనా, ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ రోజూ రోట్లో నూరేదీ అదే కదా అంటారేమో. ఎంత అమాయకులండీ మీరు! ఆమె తొక్కు మీద ఏం రాసి ఉంది? ఎక్కడ తయారైంది, ఎప్పటిలోగా తినాలి, ఒక్క ముక్కయినా ఉందా? ఉద్యోగమంతా చిరునామాలు చదివిన మనిషి ఆయన. అడ్రసు లేని ఉత్తరాన్ని ముట్టనివాడు అడ్రసు లేని తొక్కును ఎలా ముట్టుకుంటాడు?

పైగా ఆయనకు బీపీ. ఉప్పు తగ్గించమని కామారెడ్డి డాక్టరు గట్టిగా చెప్పాడు. మరి ఆ ఇల్లాలు ఉప్పు ఎలా వేస్తుంది? అందాజుగా! పట్టపగలు, చేత్తో తీసి, అందాజుగా! ప్రాణాలతో చెలగాటం కాక ఇదేమిటి?

అందుకని ఆయన రోలు వైపు చూడడం మానేసి, అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుని సీసా చదవసాగాడు. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి కాబట్టి రోజుకో వరుస. టమాటలు, ఉల్లిగడ్డలు ముందున్నాయి. వెనిగర్ అంటే ఏమిటో తెలియదు, కానీ అచ్చులో ఉంది కనుక మంచిదే అయి ఉంటుంది. ఉప్పు బాగా వెనక ఉంది. కొవ్వు సున్నా. సోడియం మాత్రం దండిగా ఉంది, అదేదో విటమిను కాబోలని మురిసిపోయాడు. గమ్ము కూడా ఉందట! స్టాంపులు నాకి నాకి ముసలివాడైన మనిషికి గమ్ము ఒక లెక్కా?

లెక్కలన్నీ రెండు చెంచాలకే రాసి ఉన్నాయి. ఆయన గిన్నెడు లాగించాడు. ఆరోగ్యం ఎంత తింటే అంత మంచిది కదా!

వాడకట్టులో ఆయన పేరు మోగిపోయింది. పొరుగింటి పోచవ్వ కొబ్బరినూనె సీసా తెచ్చి చదివించుకుంది. ఆయన చాలాసేపు చదివి, అందులో కొబ్బరినూనె ఉందని తేల్చి పంపాడు.

ఇంత మహత్కార్యానికీ ఒకే ఒక్క అడ్డంకి. అరుగుకు ఇవతల వసారాలో లక్ష్మీనర్సమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ దగ్గుతుంది. పొగాకు దుమ్ము లేస్తే దగ్గు, లేవకపోయినా దగ్గు.

“ఇగో, నాకు దమ్ము ఆడుతలేదు. ఓపారి కామారెడ్డి దవాఖానకు తోల్కపోరాదు?”

“ఆగరాదే! నీ దగ్గుకు నా చదువుడు ఆగుతున్నది. గీ సీస సంగతి తేలనీ.”

న్యాయమే కదండీ? ఏ పని ముందో ఆ పని ముందు.

కానీ సీసా సంగతి తేలలేదు. ఆఖరి వరుసలో ‘యాసిడ్’ అని ఉంది! యాసిడంటే బ్యాటరీలో పోసేది కదా, అప్పటికే సగం సీసా కడుపులో ఉంది కదా! లక్ష్మీరాజం సీసాను సంకన పెట్టుకున్నాడు. ఆ పూటే కామారెడ్డి బస్సెక్కాడు. ఎలాగూ పోతున్నాం కదా అని భార్యనూ రమ్మన్నాడు, దయగల మనిషి. బస్సులో ఒక్కటే సీటు దొరికితే, సీసా పగలకూడదు కనుక తానే కూర్చున్నాడు.

డాక్టరు బల్ల మీద సీసా పెట్టి, దాని వైపు చూడకుండానే మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు! డాక్టరు మాత్రం వినడం లేదు. ఆయన చెవులు వెనక నిలబడి దగ్గుతున్న మనిషి మీద ఉన్నాయి.

“ఆమెకు ఈ దగ్గు ఎప్పటి సంది ఉన్నది?”

లక్ష్మీరాజం వెనక్కి తిరిగి భార్య ముఖంలోకి చూశాడు. కళ్ళ కింద ఆ గుంటలు ఎప్పుడు పడ్డాయో ఆయనకు తెలియదు. భయమేసింది.

“ఆయనకేం ఎర్క సారూ,” అంది లక్ష్మీనర్సమ్మ. “నా మీద ఏం అచ్చేసి లేదు గద. బిడ్డ పెండ్లి కాకముందు సందే ఉన్నది. ఇప్పుడు నెత్తురు గూడ పడుతున్నది.”

నెత్తురు మాట ఆయన మొదటిసారి విన్నాడు.

అయ్యలారా, ఆ మొగుణ్ణి తిట్టకండి. తప్పంతా లేబులుదే! బీడీకట్ట మీద తాగేవాడి కోసం భయపెట్టే బొమ్మ వేస్తారు. చుట్టే ఆడదాని మీద ఏమైనా వేశారా? మరి పాపం ఆయనకెలా తెలుస్తుంది? కనుక సర్కారు వారికి నా మనవి. ప్రతి ఇల్లాలి నొసటా తక్షణం ఒక లేబులు అంటించండి. లోపల ఏమున్నదో, ఇంకా ఎంత మిగిలిందో, ఎప్పటిలోగా దవాఖానకు తీసుకుపోవాలో పెద్ద పెద్ద అక్షరాల్లో రాయండి.

ఒకే ఇంట్లో ఉండి ఏళ్ళ తరబడి దగ్గు విన్నాడు కదా, ఇంకా లేబులెందుకు అంటారా? వింటే సరిపోతుందా అండీ! అచ్చులో ఉండొద్దూ?